యొర్దాను నీళ్ల సీసా గురించి: పరిశుద్ధ దేశ యాత్రలు నడిపే అయ్యగార్లకు బహిరంగ లేఖ

పరిశుద్ధ దేశ యాత్రలకు విశ్వాసులను కూడగట్టి తీసుకెళ్లే పాస్టర్లకు, ఆదివారం ఆరాధనలో ఆ ప్రకటనలు చదివించే సంఘ కమిటీలకు, టూర్ నిర్వాహకులకు,

ప్రభువైన యేసుక్రీస్తు నామంలో వందనాలు.

సంఘాల్లో బైబిలు బోధించేవాళ్లం, యాత్ర బృందాలకు ఏర్పాట్లు చూసేవాళ్లం కలిసి ఈ లేఖ రాస్తున్నాం. యాత్రలు మానేయమని చెప్పడానికి కాదు. గలిలయ సరస్సు ఒడ్డున నిలబడి మత్తయి సువార్త చదివిన మనిషికి కపెర్నహూము వీధులు ఎంత ఇరుకో అర్థమవుతుంది. యెరికో నుంచి యెరూషలేముకు వెళ్లడమంటే దాదాపు 1,000 మీటర్ల ఎత్తు ఎక్కడమని తెలిశాక మంచి సమరయుని ఉపమానం వేరుగా వినిపిస్తుంది. ఇదంతా మేలే. మా అభ్యంతరం వెళ్లే విమానం మీద కాదు, తిరిగొచ్చే సూట్‌కేసు మీద. అందులో యొర్దాను నీళ్లు, అభిషేక తైలం, కల్వరి మట్టి, బండకు రుద్దిన చేతిరుమాళ్లు వస్తున్నాయి. వాటి వెంట ఒక బోధ కూడా వస్తోంది: ఇక్కడ జరగనిది అక్కడ జరుగుతుంది, అక్కడికి వెళ్లలేనివాళ్లు అక్కడి వస్తువు ముట్టుకుంటే చాలు. పుల్పిట్ మీద నుంచి ఎవరూ ఇంత సూటిగా చెప్పరు. పోస్టరు చెబుతుంది, సీసా మీది లేబులు చెబుతుంది, తిరిగొచ్చాక పెట్టే సాక్ష్యాల కూటం చెబుతుంది.

ఒక స్థలం విగ్రహంగా మారడం ఒక్క రోజులో జరిగే పని కాదు. గిల్గాలు చరిత్ర చూడండి. యొర్దాను దాటాక యెహోషువ అక్కడ పన్నెండు రాళ్లు నిలబెట్టించాడు. ఎందుకో యెహోషువ గ్రంథం 4వ అధ్యాయంలోనే ఉంది: రేపు పిల్లలు ఈ రాళ్లేమిటని అడగాలి, తండ్రులు జరిగింది చెప్పాలి. రాయి పని అంతవరకే. ప్రశ్న పుట్టించడం, పక్కకు తప్పుకోవడం. కొన్ని శతాబ్దాల తర్వాత ఆమోసు వచ్చేసరికి అదే గిల్గాలుకు జనం బలులు మోసుకుపోతున్నారు. బేతేలుకు వెళ్లకండి, గిల్గాలులో అడుగుపెట్టకండి అని ప్రవక్త కేకవేయాల్సి వచ్చింది (ఆమోసు 5:5). బేతేలు సంగతీ అంతే. దూడను పెట్టడానికి యరొబాము ఖాళీ స్థలం వెతుక్కోలేదు, యాకోబు నిచ్చెన చూసిన చోటునే ఎంచుకున్నాడు. జనం ముందే చేతులు జోడించే చోట పెడితే అడ్డు చెప్పేవాడు ఉండడని అతనికి తెలుసు.

"అక్కడ నిజంగా అద్భుతం జరిగింది కదా" అనేది మనవాళ్ల మొదటి సమాధానం. పాము కాటు తిన్నవాళ్ల కోసం మోషే చేసిన ఇత్తడి సర్పం దగ్గరా నిజంగానే జరిగింది. దాన్ని చేయమన్నది దేవుడే, చూసినవాళ్లు బతికారు. అయినా తర్వాతి కాలంలో జనం దానికి ధూపం వేస్తుంటే హిజ్కియా రాజు పగలగొట్టాడు (2 రాజులు 18:4). నిబంధన మందసం కన్నా పవిత్రమైన వస్తువు ఇశ్రాయేలులో లేదు. అది లేకుండా యుద్ధానికి వెళ్లిన రోజు 4,000 మంది చనిపోయారు, శిబిరానికి తెచ్చుకుని వెళ్లిన రోజు 30,000 మంది చనిపోయారు, మందసమూ పోయింది (1 సమూయేలు 4). అద్భుతం జరిగిన చరిత్ర ఈ జబ్బుకు మందు కాదు. జబ్బు మొదలయ్యేదే అక్కడ.

మన సంఘాల్లో ఇది నాలుగు మెట్లుగా ఎక్కుతోంది. మొదట జ్ఞాపకం: "ఇక్కడ ప్రభువు నడిచాడు." తర్వాత అనుభూతి: "ఇక్కడ ప్రార్థిస్తే వేరుగా ఉంది." ఆ తర్వాత షరతు: "ఇక్కడ ప్రార్థిస్తేనే ఆ మనవి తీరుతుంది." చివరికి ధర. రెండో మెట్టు వరకు ఎవరికీ నష్టం లేదు, మనిషి మనసు అలాంటిదే. మూడో మెట్టు దగ్గరే ఆపాలి. నాలుగోది ఎక్కాక ఆపడం కష్టం, ఎందుకంటే అప్పటికి దానిమీద కొందరి ఆదాయం నిలబడి ఉంటుంది.

ఇక యొర్దాను సంగతికి వద్దాం. ఎక్కువ అనర్థం అక్కడే జరుగుతోంది.

మన బృందాలు ఎక్కువగా దిగే యార్దెనిత్ ఘాట్ గలిలయ సరస్సు నుంచి నది బయటికొచ్చే చోటుకు దగ్గర్లో ఉంటుంది. 1981లో యాత్రికుల కోసం కట్టిన చోటు అది. 1967 యుద్ధం తర్వాత కింది యొర్దాను ఒడ్డు సైనిక ప్రాంతమై మూతపడడంతో, సురక్షితంగా నీళ్లలో దిగడానికి మరో చోటు కావలసి వచ్చింది. అంతే తప్ప ప్రభువు బాప్తిస్మం పొందింది అక్కడ కాదు. యోహాను 1:28 చెప్పే చోటు యొర్దానుకు ఆవలనున్న బేతనియ. అంటే తూర్పు ఒడ్డు, ఇప్పటి జోర్డాన్ దేశంలోని అల్ మగ్తాస్ ప్రాంతమని సంప్రదాయం. 2015లో యునెస్కో దాన్ని వారసత్వ స్థలంగా గుర్తించింది. దానికి ఎదురుగా పడమటి ఒడ్డున ఖస్ర్ అల్ యహూద్ ఉంది, 2011 నుంచి యాత్రికులకు తెరిచారు. యార్దెనిత్‌కూ ఈ చోటికీ మధ్య దూరం దాదాపు 100 కిలోమీటర్లు. యార్దెనిత్‌లో దించి "ప్రభువు మునిగిన నీళ్లు ఇవే" అని మైకులో చెప్పడం భక్తి కాదు, అబద్ధం.

నీళ్ల నాణ్యత కూడా తెలుసుకోవాలి. యార్దెనిత్ దగ్గర సరస్సు నీళ్లు కాబట్టి పరవాలేదు. దాని కింద కొద్ది దూరంలోనే నదికి అడ్డుకట్ట ఉంది. అక్కడి నుంచి కిందికి పారేదాంట్లో సరస్సు పక్కనుంచి మళ్లించిన ఉప్పు ఊటలు, చేపల చెరువుల నీళ్లు, పొలాల మురుగు, ఊళ్ల మురుగు కలుస్తాయి. ఒకప్పటి ప్రవాహంలో చాలా భాగాన్ని ఇశ్రాయేలు, జోర్డాన్, సిరియా దేశాలు పైనే మళ్లించుకున్నాయి. అందుకే ఖస్ర్ అల్ యహూద్ దగ్గర నది కొన్ని మీటర్ల వెడల్పున, బురద రంగులో కనిపిస్తుంది. ఆ నీళ్లను సీసాలో పట్టి, ఊరికి తెచ్చి, చుక్క చుక్కగా బాలింతలకూ పసిపిల్లలకూ తాగిస్తున్నారు. వడకట్టని, మరిగించని నది నీళ్లు మూత బిగించిన సీసాలో నెల రోజులుంటే ఏమవుతుందో ఏ ఆరోగ్య కార్యకర్తనడిగినా చెబుతారు. వెలుతురు తగిలితే నాచు పట్టి పచ్చబడతాయి. నీడలో ఉంటే రంగు మారకపోవచ్చు కానీ క్రిములు మాత్రం పెరుగుతాయి. సీసా అయిపోవస్తుంటే కుళాయి నీళ్లు కలిపి నింపడం ఇంకో సంగతి. ఒక్క చుక్కలోనే శక్తి ఉందని నమ్మించాక, ఎంత కలిపినా తప్పనిపించదు.

బాప్తిస్మం పొందినవాళ్లను యొర్దానులో మళ్లీ ముంచడం ఇంకా పెద్ద తప్పు. "ప్రభువు ఒక్కడే, విశ్వాసమొక్కటే, బాప్తిస్మమొక్కటే" అని ఎఫెసీ పత్రిక నుంచి బోధించే మనమే, అద్దెకు తీసుకున్న తెల్ల అంగీ తొడిగి, తండ్రి కుమార పరిశుద్ధాత్మ నామంలో అని పలికి ముంచుతున్నాం. తిరిగొచ్చాక సంఘంలో రెండు తరగతులు పుడతాయి: ఊరి చెరువులో పొందినవాళ్లు, యొర్దానులో పొందినవాళ్లు. ఇక్కడ కుష్ఠు నయమైన సిరియా సేనాధిపతి నయమాను కథ ఎత్తుతారు. ఏడుసార్లు యొర్దానులో మునగమని ఎలీషా చెప్పింది నయమానుకు, ఆ రోగానికి, ఆ ఒక్కసారికి. దమస్కు నదులు మేలైనవి కావా అని అతను అడిగాడు. ఇశ్రాయేలు నీళ్లలో ప్రత్యేక గుణం ఉందని ఎలీషా జవాబు చెప్పలేదు.

మన చరిత్రనే చూడండి. 1878 జులై 3న ఒంగోలుకు దగ్గర్లోని వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. అమెరికన్ మిషనరీ జాన్ క్లౌ అంతకుముందు కరవు పనులు నడిచినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపి ఉంచాడు, కూలి కోసం, గింజల కోసం ఎవరూ నీళ్లలో దిగకూడదని. తెలుగు బాప్టిస్టు సంఘాలు ఇప్పటికీ చెప్పుకునే రోజది. అయినా గుండ్లకమ్మ నీళ్ల సీసా అమ్మకానికి పెట్టినట్టు ఎవరైనా విన్నారా? ఆ నది మన కళ్లెదురుగా ఎండుతుంది, పొంగుతుంది, పశువులు తాగుతాయి. దగ్గరున్నది మామూలుగా కనిపిస్తుంది, దూరమున్నది మహిమగా కనిపిస్తుంది. యొర్దాను ఒడ్డున కాపురముండేవాళ్లకు యొర్దానూ అంతే.

మరి నది దగ్గర ఏం చేయాలి? ఇరవై నిమిషాలు చాలు. మత్తయి 3:13–17, రోమా 6:3–4 చదవండి. ఇదివరకే బాప్తిస్మం పొందినవాళ్లు ఆ రోజు చేసిన ఒప్పుకోలును గుర్తుచేసుకుని అపొస్తలుల విశ్వాస ప్రమాణం కలిసి చెప్పమనండి. మీ సంఘంలో అది చెప్పే అలవాటు లేకపోతే తమ మాటల్లో ఒప్పుకోమనండి. కావాలనుకున్నవాళ్లు నీళ్లు ముట్టుకోవచ్చు, పాదాలు తడుపుకోవచ్చు. బాప్తిస్మపు మాటలు మాత్రం పలకకండి, తల ముంచకండి. ఇంకా బాప్తిస్మం పొందని మనిషి అక్కడే కావాలని పట్టుబడితే ఆపండి. తనను పేరు పెట్టి పిలిచే, తప్పిపోతే వెతికే సంఘం ఎదుట తీసుకోవాల్సిన బాప్తిస్మాన్ని, మళ్లీ కలవని బస్సు బృందం ముందు ఎందుకు ఇవ్వాలి? ఇంకో మాట: మెట్లు నాచుతో జారతాయి, చలికాలంలో నీళ్లు వణికిస్తాయి. గుండెజబ్బు, బీపీ ఉన్న పెద్దవాళ్లను ఆవేశంలో దింపకండి. ఖస్ర్ అల్ యహూద్‌లో నది మధ్య కట్టిన హద్దు దాటకూడదు, అవతల వేరే దేశం.

నూనె గురించి. యెరూషలేము పరిశుద్ధ సమాధి దేవాలయంలో గుమ్మం దాటగానే ఎర్రటి రాతిపలక ఉంటుంది. ప్రభువు దేహాన్ని పడుకోబెట్టి సుగంధ ద్రవ్యాలు పూసిన బండ అని చెబుతారు. మనవాళ్లు దానిమీద నూనె ఒంపి, చేతిరుమాళ్లు పరిచి, రుద్ది, మడిచి తెచ్చుకుంటారు. ఇప్పుడున్న ఆ పలక 1808లో గుడి కాలిపోయాక, 1810 మరమ్మతుల్లో వేసినది. గైడ్లలో చాలామందికి ఈ సంగతి తెలుసు, అడిగితే చెబుతారు. మనం అడగం. అడిగితే రుమాలు విలువ తగ్గుతుంది.

ఈ అలవాటు మనం కనిపెట్టింది కాదు. 4వ శతాబ్దం చివర యెరూషలేము వెళ్లిన ఎగేరియా అనే యాత్రికురాలు రాసిపెట్టింది: పెద్ద శుక్రవారం నాడు సిలువ మ్రానును ముద్దుపెట్టుకోవడానికి జనం వరుసకట్టేవారట. ఒకసారి ఎవడో ముద్దు పెడుతున్నట్టు వంగి చెక్క ముక్క కొరికి పట్టుకుపోయాడని, అందుకే డీకన్లు కాపలా నిలబడుతున్నారని. 6వ శతాబ్దంలో సిలువకు తాకించిన నూనెను చిన్న తగరం కుప్పెల్లో పట్టుకెళ్లేవారు. వాటిలో కొన్ని ఇటలీలోని మొంజాలో ఇప్పటికీ ఉన్నాయి. పదిహేను వందల ఏళ్ల నాటి సరుకే మన దగ్గర ప్లాస్టిక్ సీసాలోకి మారింది.

యాకోబు 5:14 మళ్లీ చదవండి. రోగి సంఘపు పెద్దలను పిలిపించాలి, వారు ప్రభువు నామమున నూనె రాసి ప్రార్థించాలి. ఆ వచనంలో నూనె ఏ ఊరిదో లేదు. పెద్దలు ఇంటికి రావాలని ఉంది. ఇప్పుడు జరుగుతున్నది తలకిందులు: యెరూషలేము నూనె కొరియర్లో వస్తోంది, పెద్దలు రావడం లేదు. మీరు నూనె వాడదలిస్తే వంటింటి నువ్వుల నూనో కొబ్బరి నూనో సరిపోతుంది. యాత్రా దుకాణాల్లో అమ్మే సువాసన తైలాల్లో అత్తరు ద్రవ్యాలు కలుస్తాయి. తాగించకూడదు, కళ్లలో వేయకూడదు, పుండ్ల మీద, పసిపిల్లల ఒంటిమీద రాయకూడదు. ఒట్టి ఒలీవ నూనైనా ఏడాది, రెండేళ్లలో పాడై వాసన కొడుతుంది. వీటన్నిటినీ మించిన ప్రమాదం మందులు మానేయడం. ఆరు నెలలు మింగాల్సిన టీబీ మాత్రలను రెండో నెలలో ఆపితే రోగం మందులకు లొంగని రూపంలో తిరిగొస్తుంది. ఇన్సులిన్, మూర్ఛ మాత్రలు ఆపితే ప్రాణం మీదికి రావడానికి రోజులు చాలు. మీ చేత్తో ఇచ్చిన సీసా వల్ల ఒక తల్లి మాత్రలు పక్కన పెడితే, "నేను మానమనలేదు" అనేది జవాబు కాదు. మానవద్దని గట్టిగా చెప్పారా లేదా అన్నదే ప్రశ్న.

మట్టి విషయం ఒక్క ముక్కలో తేల్చవచ్చు. 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం విదేశీ మట్టిని అనుమతి లేకుండా భారతదేశంలోకి తేకూడదు, మొక్కలకూ విత్తనాలకూ ఆంక్షలున్నాయి. తవ్వకాల స్థలాల నుంచి రాళ్లూ పెంకులూ ఏరుకోవడం అక్కడి చట్టంలో నేరం. నీళ్లు, నూనె చేతిసంచిలో పెడితే మధ్యలో విమానం మారే చోట 100 మిల్లీలీటర్లు దాటిన సీసా చెత్తబుట్టలోకి పోతుంది. అక్కడ భద్రతా సిబ్బందితో మనవాళ్లు పడే గొడవ చూస్తే, బుట్టలో పడింది నీళ్లా దేవుడా అనిపిస్తుంది.

స్థలాల గురించి నిజం చెప్పమని మిమ్మల్ని అడుగుతున్నాం. భయపడకండి, నిజం చెబితే విశ్వాసం కూలదు. గెత్సేమనే తోటలోని ఒలీవ చెట్లను 2012లో ఇటలీ శాస్త్రవేత్తలు పరీక్షిస్తే, మూడు చెట్ల కాండాలు 12వ శతాబ్దం చుట్టుపక్కలవని తేలింది. ప్రభువు రక్తపు చెమట చూసిన చెట్లు కావవి. 70వ సంవత్సరపు ముట్టడిలో రోమీయులు నగరం చుట్టూ చెట్లు నరికేశారని ఆ కాలపు యూదు చరిత్రకారుడు యోసేపస్ రాశాడు. ప్రభువు కడరాత్రి భోజనం చేసిన మేడగది అని చూపించే హాలు కమానులు క్రూసేడర్ల కాలపు పనితనం. సిలువ మార్గంలోని 14 మజిలీల దారి మధ్యయుగాల్లో, తర్వాతి కాలంలో రూపం దిద్దుకున్నది. పిలాతు తీర్పు చెప్పింది నగరానికి మరో వైపున్న హేరోదు రాజభవనంలో అని చాలామంది పరిశోధకుల అభిప్రాయం. అదే నిజమైతే నడక ఎదురు దిక్కు నుంచి మొదలవ్వాలి. కానా పెళ్లి చోటుగా చూపించే కఫ్ర్ కన్నాకు పోటీగా కొన్ని మైళ్ల దూరంలో ఖిర్బెత్ కానా ఉంది. పెళ్లి ప్రమాణాలు మళ్లీ చెప్పించి సర్టిఫికెట్లిచ్చేది మాత్రం మొదటి ఊళ్లోనే, బస్సులు ఆగేది అక్కడ కనుక.

ప్రభువు సమాధి ఇదేనని యెరూషలేములో చూపించే, మన ప్రొటెస్టెంటు వాళ్లకు ప్రీతిపాత్రమైన తోట సమాధి మాటేమిటి? 1883లో బ్రిటిష్ సైనికాధికారి జనరల్ గోర్డన్ పక్కనున్న కొండలో కపాలం ఆకారం చూసి ఇదే గొల్గొతా అన్నాడు. 1894లో ఇంగ్లండువారు తోట కొన్నారు. గాబ్రియెల్ బర్కాయ్ వంటి పురావస్తు శాస్త్రవేత్తలు ఆ సమాధిని క్రీ.పూ. 8–7 శతాబ్దాల నాటిదని చెప్పారు. యోహాను 19:41 ప్రకారం ప్రభువును పెట్టింది ఎవరినీ ఉంచని కొత్త సమాధిలో. పైన చెప్పిన పరిశుద్ధ సమాధి దేవాలయానికి ఆధారాలు ఎక్కువ. 335లో ప్రతిష్ఠించిన చోటది, 2016లో పాలరాయి ఎత్తి చూసినప్పుడు తీసిన సున్నం నమూనా 4వ శతాబ్దానిదని తేలింది. కానీ అక్కడ ధూపం, దీపాలు, తోపులాట. తోట సమాధిలో పూలు, నిశ్శబ్దం, సండే స్కూలు బొమ్మలో ఉన్నట్టే ఉంటుంది. అందుకే మనకది నచ్చింది. నచ్చడంలో తప్పు లేదు, నచ్చింది కాబట్టి అదే నిజం అనడంలోనే తప్పు. ఆ తోట నిర్వాహకులు మాత్రం ఒక మంచి పని చేశారు: సమాధి తలుపు మీద "ఆయన ఇక్కడ లేడు" అనే వాక్యం రాసి పెట్టారు. దాని కిందే నిలబడి ఫొటో దిగి, బయటికొచ్చి రాతి గోడను ముద్దుపెట్టుకునేవాళ్లకు ఆ వాక్యం ఎవరైనా తెలుగులో చదివి వినిపించాలి.

దాదాపు ఖాయమని పండితులు ఒప్పుకునే చోట్లూ ఉన్నాయి: 2004లో మురుగు గొట్టం పనుల్లో బయటపడ్డ సిలోయము కోనేటి మెట్లు, దేవాలయానికి దక్షిణ వైపు మెట్లు, నాబ్లుస్‌లోని యాకోబు బావి. ఈ చివరిదాని దగ్గరికి మన బస్సులు అరుదుగా పోతాయి. బావి ఇప్పటికీ లోతుగానే ఉంది, పక్కనే గెరిజీము కొండ, దానిమీద ఇప్పటికీ పస్కా బలి అర్పించే సమరయులు. ఆ బావి దగ్గర ప్రభువుతో మాట్లాడిన సమరయ స్త్రీ అడిగింది సరిగ్గా మన ప్రశ్నే: మా పితరులు ఈ కొండ మీద ఆరాధించారు, మీరు యెరూషలేము అంటారు, ఏది సరైనది? రెండిట్లో ఒకటి ఎంచి చెబుతాడని ఎదురుచూసింది. ప్రభువు రెండూ కాదన్నాడు. "దేవుడు ఆత్మగనుక ఆయనను ఆరాధించువారు ఆత్మతోను సత్యముతోను ఆరాధింపవలెను." స్థలం లెక్క కొట్టేసిన ఈ మాట, మనకు బాగా ఖాయంగా తెలిసిన స్థలంలోనే పలికాడు. ఆ బావి నీళ్లనూ సీసాల్లో తెచ్చుకునేవాళ్లున్నారు. ఇంకేం చెప్పాలి?

యెరూషలేములోని పడమటి గోడ దగ్గర ప్రార్థన చీటీల సంగతి కూడా రాయాలి. సంఘంలో చీటీలు, వాటితో పాటు కానుక వసూలు చేసి, గోడ సందుల్లో దోపి వీడియో పంపుతున్నారు. అది హేరోదు కట్టించిన ఆవరణ గోడ, ఆలయం గోడ కాదు. యూదులకు అది ప్రార్థన స్థలం, వాళ్ల మర్యాద ప్రకారం నడుచుకోవాలి. అక్కడ పెట్టిన కాగితాలను ఏడాదికి రెండుసార్లు తీసి ఒలీవల కొండ మీద పాతిపెడతారు. యేసు నామమున ఏమడిగినా చేస్తానన్న వాగ్దానం ఉన్నవాళ్లకు, ప్రభువు చనిపోయినప్పుడు ఆలయపు తెర చినిగిందని ప్రసంగించేవాళ్లకు, ఆ తెరకు బయటి గోడ సందు ఎందుకు కావలసి వచ్చింది?

4వ శతాబ్దపు సంఘ పితరులు ఈ మాట మనకన్నా ముందే అన్నారు. నీస్సాకు చెందిన గ్రెగొరీ యెరూషలేము వెళ్లొచ్చాక, చోటు మారినంత మాత్రాన దేవుడు దగ్గరకాడని, అక్కడ కృప ఎక్కువగా ఉంటే ఆ నగరంలో పాపం అంతగా ఉండేది కాదని రాశాడు. జెరోము బేత్లెహేములోనే కాపురముండి, పరలోకపు వాకిలి యెరూషలేము నుంచి ఎంత దూరమో బ్రిటన్ నుంచీ అంతే దూరమని ఉత్తరం రాశాడు. స్థలం కోసం కొట్లాడితే ఏమవుతుందో చరిత్ర చూపించింది కూడా. ప్రభువు పుట్టిన చోటుకు గుర్తుగా బేత్లెహేము గుహలో పెట్టిన వెండి నక్షత్రం 1847లో మాయమైంది. దానిమీద లాటిన్, గ్రీకు సంఘాల తగువు రాజ్యాల తగువై, క్రిమియా యుద్ధానికి దారితీసిన కారణాల్లో ఒకటైంది. సమాధి దేవాలయం ఆరు సంఘాల మధ్య పంచి ఉంది. తాళం చెవి మాత్రం తరతరాలుగా ముస్లిం కుటుంబాల దగ్గర.

మధ్యలో ఒక మాట. గుణదల కొండ ఎక్కే కేథలిక్కులను, అక్కడ తలనీలాలిచ్చేవాళ్లను వేదికల మీద ఎగతాళి చేసే అలవాటు మనలో చాలామందికి ఉంది. ఆ సంఘానికి ఈ విషయంలో కనీసం రాసిపెట్టుకున్న బోధ ఉంది. ఆరాధన దేవునికే, తక్కినది గౌరవం అని 787లో నీకయ రెండో సభలో గీత గీశారు. ఆ గీతను జనం పాటిస్తున్నారా లేదా అన్నది వేరే చర్చ. మనకు అసలు గీతే లేదు. విగ్రహాలు లేవు కాబట్టి విగ్రహారాధన రాదనుకున్నాం, అది సీసాలోనుంచి వచ్చింది.

డబ్బు గురించి దాపరికం వద్దు. ఒక బృందంలో పదిహేను, ఇరవై మంది చేరితే నాయకుడికి టూర్ సంస్థ ఉచిత సీటు ఇవ్వడం ఈ రంగంలో మామూలే. తీసుకోండి, కానీ సంఘానికి చెప్పండి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019లో యెరూషలేము యాత్రికులకు సాయాన్ని పెంచింది: ఏడాది ఆదాయం 3 లక్షల లోపు ఉంటే 60,000 రూపాయలు, దాటితే 30,000. ఇలాంటి సాయం ఉందని చెప్పి ఆశపెట్టేటప్పుడు, మిగతా డబ్బు ఎక్కడి నుంచి తెస్తారో కూడా అడగండి. డ్వాక్రా అప్పు తీసి, పుస్తె తాకట్టు పెట్టి వెళ్లమని చెప్పే అధికారం మనకెవరూ ఇవ్వలేదు. వెళ్లకపోతే ఏ ఆశీర్వాదమూ తగ్గదని ప్రకటనలోనే అచ్చువేయండి. ఆ ఒక్క వాక్యం వేశాక ఎంతమంది పేరిస్తారో వాళ్లే నిజమైన యాత్రికులు.

వెళ్లేముందు నాలుగు సాయంత్రాలు, గంట చొప్పున తరగతి పెట్టండి. ఒకరోజు పటం మీద ఊళ్లు, దూరాలు. ఒకరోజు స్థలం గురించి వాక్యం ఏమంటుందో: 1 రాజులు 8:27, యిర్మీయా 7, యోహాను 4, అపొస్తలుల కార్యములు 7, 17 అధ్యాయాలు. మూడో రోజు ప్రతి స్థలం పక్కన "దాదాపు ఖాయం", "సంప్రదాయం", "జ్ఞాపకార్థం కట్టినది" అని రాసిన ఒక్క పేజీ కాగితం పంచండి. రూపాంతర కొండ పేరు సువార్తల్లో లేదని, తాబోరు ఒక సంప్రదాయమని అప్పుడే తెలిస్తే అక్కడ వాదన ఉండదు. చివరి రోజు సామాను, మందులు, తిరిగొచ్చాక చెప్పే సాక్ష్యం. ఏ మందులు వాడుతున్నారో చీటీ రాయించుకోండి. పెద్దవాళ్లలో చాలామంది మాత్రలను చెక్‌ఇన్ సామానులో వేసేస్తారు.

యాత్రలో ఒక ఆదివారం తప్పనిసరిగా బేత్లెహేములోనో బేత్ సహూరులోనో నజరేతులోనో అరబ్ క్రైస్తవుల సంఘంతో కలిసి ఆరాధించండి. రెండు వేల ఏళ్ల రాళ్లను ముద్దాడి, ఆ రాళ్ల పక్కనే బతుకుతున్న సజీవమైన రాళ్లను పలకరించకుండా వచ్చేస్తున్నాం. వాళ్ల సంఖ్య తగ్గిపోతోంది, పిల్లలు వలస పోతున్నారు. వాళ్లు ప్రభువు ప్రార్థన అరబీలో చెబుతుంటే మనం తెలుగులో చెప్పవచ్చు. కానుక వేయాలనుకుంటే అక్కడ వేయండి, దుకాణంలో కాదు.

తిరిగొచ్చాక సాక్ష్యాల కూటంలో "అక్కడ ఏం చూశాం, ఏ వాక్యం కొత్తగా అర్థమైంది" అనే రెండు ప్రశ్నలకే జవాబు చెప్పించండి. "అక్కడ ప్రార్థించాక ఇది జరిగింది" అనే వరస మొదలైతే మైకు మీ చేతిలోకి తీసుకోండి. వెళ్లొచ్చినవాళ్లకు ముందు వరుసలో కుర్చీలు, శాలువాలు వద్దు.

ఇప్పటికే ఇళ్లల్లో ఉన్న సీసాల సంగతేమిటని చాలామంది అడుగుతారు, పారబోస్తే శాపం తగులుతుందేమోనని భయపడతారు. ఆ భయమే రోగ నిర్ధారణ, కాబట్టి దాన్ని తీర్చాల్సింది మీరే. వచ్చే ఆదివారం మీ ఇంటి సీసాతో మొదలుపెట్టి అందరికీ చెప్పండి: నీళ్లు మొక్కకు పోయొచ్చు. పాడై వాసన కొట్టని ఒట్టి ఒలీవ నూనె వంటకు వాడొచ్చు, సువాసన తైలం పారేయాలి. చేతిరుమాలు ఉతికి జేబులో పెట్టుకోవచ్చు.

ఇట్లు,
సంఘ బోధకులు, యాత్ర ఏర్పాట్లు చూసేవారు కొందరు